'యహ్యా' నామధేయం: అర్థం, ఆవిర్భావం

పుట్టబోయే బిడ్డకు అల్లాహ్ తానే పేరు నిర్ణయించి, ఆ పేరుతోనే శుభవార్త అందజేసిన సందర్భాలు దివ్య ఖుర్ఆన్‌లో బహు అరుదు. మర్యమ్ సూరా 7వ ఆయతులో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం)కు లభించిన శుభవార్త అటువంటిది. తాను వృద్ధుడు, భార్య గొడ్రాలు. అయినా ఆయన ఏకాంతంలో మెల్లని స్వరంతో చేసుకున్న దుఆ వ్యర్థం కాలేదు. కుమారుడు కలుగుతాడనీ, అతని పేరు యహ్యా అనీ తెలుపబడింది. అంతకు పూర్వం అతనికి 'సమియ్' ఎవరినీ చేయలేదన్న మాట కూడా ఆ ఆయతులోనే ఉన్నది.

ఈ పేరు చుట్టూ, ఈ 'సమియ్' అనే పదం చుట్టూ చాలా శతాబ్దాలుగా చర్చ సాగుతూ వచ్చింది. ముఫస్సిర్లు భాషాదృష్టితో చర్చించారు. పాశ్చాత్య పండితులలో కొందరు ఇక్కడ ఖుర్ఆన్ పొరపడిందని నిరూపించే ఉద్దేశంతో చర్చించారు. వారి ఆక్షేపణలు రెండు. యహూదులలో ఈ పేరు అతి సామాన్యమైనదై ఉండగా పూర్వం ఎవరికీ లేదనడం ఎలా పొసగుతుందన్నది మొదటిది. హీబ్రూలో 'యోహానాన్'గా ఉన్న పేరు 'యహ్యా' ఎలా అయింది, ఇది లిపిని తప్పుగా చదివినందువల్ల పుట్టిన రూపం కాదా అన్నది రెండవది. రెండూ తేలికగా తోసివేయదగినవి కావు. సమాధానం చెప్పదలచిన వారు ముందు హీబ్రూ పేరు సంగతి తెలుసుకోవాలి.

హీబ్రూలో ఈ పేరు పూర్తి రూపం 'యెహోహానాన్', వాడుకలో కుదించిన రూపం 'యోహానాన్'. ఇందులో రెండు భాగాలున్నాయి. 'యో' అనేది బనీ ఇస్రాయీల్ దైవానికి వాడుకున్న పవిత్ర నామపు సంక్షిప్త రూపం. 'హానాన్' అనేది క్రియ. కనికరించాడు, దయచూపాడు అని దాని అర్థం. రెండూ కలిపితే 'దైవం కనికరించాడు' అవుతుంది. పేరే ఒక చిన్న వాక్యమన్నమాట. హీబ్రూ పేర్లలో ఈ పద్ధతి సర్వసాధారణం. తండ్రి పేరు జెకర్యా, అంటే 'దైవం జ్ఞాపకముంచుకున్నాడు'. తల్లి పేరు ఎలీషెబ, అందులో దైవ ప్రమాణమన్న భావం ఉన్నది. ఈ ఇంట్లో ముగ్గురి పేర్లూ మూడు వాక్యాలే. లూకా ఇంజీలు మొదటి అధ్యాయంలో, బిడ్డకు పేరు పెట్టిన వెంటనే జకరియ్యా పాడినట్లు ఉన్న స్తోత్రంలో కరుణ, జ్ఞాపకం, ప్రమాణం అనే మూడు భావాలు వరుసగా వస్తాయి. ఆ గ్రంథం గ్రీకులో ఉన్నందువల్ల గ్రీకు పాఠకునికి ఆ చమత్కారం కనబడదు. హీబ్రూ తెలిసినవారికే అది పట్టుబడుతుంది.

'హ-న-న' అనే ఈ ధాతువు హీబ్రూ సొత్తు మాత్రమే కాదు. అరబీలోనూ ఉన్నది. దూరమైన పిల్ల కోసం ఆడ ఒంటె మూలిగే ధ్వనిని అరబ్బులు 'హనీన్' అంటారు. మనసు కరిగి ఒకరి వైపు మొగ్గడం 'హనాన్'. మదీనా మస్జిదులో మింబరు తయారైన తర్వాత, అంతకుముందు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఆనుకొని ఖుత్బా ఇచ్చే ఖర్జూరపు మొద్దు విలపించిన వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆ మొద్దుకు ముస్లిముల నాలుకపై నిలిచిన పేరు 'హన్నానా'. హజ్రత్ మర్యమ్ తల్లి పేరు ఖుర్ఆన్‌లో లేదు గాని, ముస్లిం సంప్రదాయం ఆమెను 'హన్నా' అని పిలుస్తుంది. అదీ ఈ ధాతువు నుండి వచ్చినదే. అంటే 'యోహానాన్' అన్న పేరులోని ప్రధానమైన భాగం అరబ్బు చెవికి పరాయిది కాదు.

ఇక మొదటి ఆక్షేపణ సంగతి. ఈ పేరు యహూదులలో బాగా వ్యాప్తిలో ఉండేదన్నది కాదనలేని సత్యం. యెరూషలేము పతనమైన రోజులలో ఉన్న 'కారేహ కుమారుడైన యోహానాను' ప్రస్తావన రాజుల రెండవ గ్రంథంలోనూ, యిర్మీయా గ్రంథంలోనూ ఉన్నది. ఈజిప్టులోని ఎలిఫెంటైన్ ద్వీపంలో స్థిరపడిన యహూదులు క్రీ.పూ. 407లో రాసిన ఒక విజ్ఞప్తిలో యెరూషలేము ప్రధాన యాజకుని పేరు యెహోహానాన్. క్రీ.పూ. 134 నుండి 104 వరకు యూదయను పాలించిన హుర్కానస్ అసలు పేరూ అదే. తన నాణేలపై అతను ఆ పేరే వేయించుకున్నాడు. 1968లో యెరూషలేము ఉత్తర భాగంలో ఒక సమాధి గుహ బయటపడింది. అందులోని ఒక రాతి అస్థిపేటికలో, మడమ ఎముకలో మేకు అలాగే మిగిలి ఉన్న మనిషి అస్థికలు దొరికాయి. ఇతను రోమన్ల చేతిలో శిలువకు గురైనవాడు. పేటికపై చెక్కిన పేరు యెహోహానాన్. హజ్రత్ యహ్యా (అ) జీవించిన శతాబ్దంలో ఈ పేరు వీధివీధినా వినబడేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

జార్జ్ సేల్ 1734లో ప్రచురించిన తన ఆంగ్ల అనువాదంలో ఈ విషయాన్నే ఎత్తి చూపాడు. లూకా ఇంజీలులో బిడ్డకు 8వ రోజున పేరు పెట్టేటప్పుడు, మీ బంధువులలో ఈ పేరు గలవారు ఎవరూ లేరు గదా అని ఇరుగుపొరుగువారు అభ్యంతరం చెప్పారు. ఆ మాటను సరిగా అర్థం చేసుకోకపోవడమే ఈ ఆయతుకు మూలమని అతని ఊహ. అతని తర్వాత వచ్చినవారు చాలామంది కొత్తగా పరిశీలించకుండా ఆ ఊహనే తిరిగి చెప్పారు.

వీరెవరూ 'సమియ్' అన్న పదం దగ్గర తగినంత సేపు ఆగలేదు. ఈ పదం ఖుర్ఆన్‌లో రెండే చోట్ల ఉన్నది, రెండూ మర్యమ్ సూరాలోనే. రెండవది 65వ ఆయతు. ఆకాశాలకు, భూమికి ప్రభువైన అల్లాహ్‌కు 'సమియ్' ఎవరైనా నీకు తెలుసా అన్న ప్రశ్న అక్కడ ఉన్నది. అక్కడ పేరు కలిసిన మరొకడని మాత్రమే అర్థం చెప్పుకుంటే ప్రశ్నలోని బలం తగ్గిపోతుంది. సమానుడు, సాటి అన్నదే అక్కడ పొందికైన అర్థం. తొలి తరం ముఫస్సిర్లలో ముజాహిద్ 7వ ఆయతుకు కూడా ఈ అర్థమే చెప్పారు. యహ్యా (అ)కు పూర్వం ఆయన వంటివాడు లేడని భావం. ఖతాదా మొదలైనవారు మాత్రం ఆ పేరు గలవాడు లేడని అన్నారు. హిజ్రీ 310లో మరణించిన ఇమామ్ తబరీ రెండు అభిప్రాయాలనూ ఉల్లేఖించి, రెండవ దానివైపే మొగ్గు చూపారు.

తబరీ అంతటివారు మొగ్గిన అభిప్రాయాన్ని నిరాకరించడం సులభం కాదు. ఆ అవసరమూ లేదు. ఆయతు చెబుతున్న పేరు యహ్యా. 'దైవం కనికరించాడు' అన్న అర్థం గల ప్రతి హీబ్రూ పేరునూ దానికిందికి తెచ్చి లెక్కించమని ఆయతు ఎక్కడా అడగలేదు. అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ 1934 నుండి వెలువరించిన తన ఆంగ్ల అనువాద వ్యాఖ్యలో మరొక దారి తీసుకున్నారు. కారేహ కుమారుని సంగతి తానే ప్రస్తావించి, దైవం ఎన్నుకున్నవారిలో ఈ పేరుతో పిలువబడిన తొలి వ్యక్తి ఈయనేనన్నది ఆయతు ఉద్దేశమని వివరించారు. అన్ని విధాలా ఆలోచిస్తే 65వ ఆయతును తోడు తెచ్చుకొనే ముజాహిద్ మాటే గట్టి పునాది మీద ఉన్నట్లు తోస్తుంది. ఒకే సూరాలో, ఒకే పదం, ఏబది ఎనిమిది ఆయతుల దూరంలో. అయితే యహూదులలో ఏ రూపంలోనూ ఈ పేరు ఎన్నడూ లేదని ఉత్సాహంతో రాసే మన రచయితలు కొందరున్నారు. వారు ఖుర్ఆన్‌కు సేవ చేయడం లేదు. అస్థిపేటిక మీది అక్షరాలు ఎవరి కోసమూ చెరిగిపోవు.

రెండవ ఆక్షేపణ మరింత సూక్ష్మమైనది. తొలి హిజ్రీ శతాబ్దపు ముస్‌హఫ్‌లలో అక్షరాలకు చుక్కలు చాలా అరుదుగా ఉండేవి. చుక్కలు తీసివేస్తే 'యహ్యా'కూ, క్రైస్తవ అరబ్బులు వాడే 'యుహన్నా'కూ అక్షరాల ఆకారం ఒక్కటిగానే కనబడుతుంది. 'య' అక్షరానికి కింద రెండు చుక్కలు, 'న' అక్షరానికి పైన ఒక చుక్క. పదం మధ్యలో ఈ రెండింటికీ ఉన్న తేడా అంతే. కాబట్టి అసలు పేరు యుహన్నా అనీ, తర్వాతివారు చుక్కలు పెట్టేటప్పుడు యహ్యాగా మార్చారనీ కొందరు ప్రాచ్యవేత్తలు సిద్ధాంతం చేశారు. కాగితం మీద ఇది చాలా అందంగా కనబడే సిద్ధాంతం.

కాని ఖుర్ఆన్ కాగితం మీద మాత్రమే నడిచి వచ్చిన గ్రంథం కాదు. ఈ పేరు అందులో 5 చోట్ల ఉన్నది: ఆలి ఇమ్రాన్ సూరాలో ఒకసారి, అన్ఆమ్‌లో ఒకసారి, మర్యమ్‌లో రెండుసార్లు, అంబియాలో ఒకసారి. సుప్రసిద్ధ ఖారీలలో ఎవరూ ఏ ఒక్క చోటా యుహన్నా అని పఠించలేదు. హమ్జా, కిసాయీ వంటివారి పఠనంలో చివరి 'ఆ' కాస్త 'ఏ' వైపు వంగుతుంది, అంతే. కూఫా, బస్రా, మదీనా, మక్కా, డెమాస్కస్‌లలో వేర్వేరు గురుపరంపరలు ఉండేవి. చిన్న చిన్న ఉచ్చారణ భేదాలను సైతం భద్రపరచిన ఆ పరంపరలన్నీ ఒక్క పేరు విషయంలో కలిసికట్టుగా పొరపాటు చేశాయనడం నమ్మశక్యం కాదు.

దీనికి మించిన సాక్ష్యం రాతి మీద ఉన్నది. యెరూషలేములో పనిచేసిన ఇద్దరు ఫ్రెంచి పండితులు, జోసెన్, సావిన్యాక్ అనేవారు 1907 - 1910 మధ్య ఉత్తర హిజాజ్‌లో పర్యటించి అనేక శాసనాల నకళ్లు తీశారు. అల్‌ఉలాకు చెందిన ఒక నబాతీ శాసనం వాటిలో ఉన్నది. షమ్ఊన్ అనే తండ్రి మరణించగా కుమారుడు నిలబెట్టిన స్మారక శిల అది. మరణించిన మాసం సీవాన్, సంవత్సరం 201. రోమన్ల అరేబియా రాష్ట్రపు శకం ప్రకారం ఇది క్రీ.శ. 306 ప్రాంతం. షమ్ఊన్, సీవాన్ అన్న మాటలను బట్టి ఇది యహూదీ కుటుంబమని పండితులు భావిస్తారు. కుమారుని పేరు నాలుగు అక్షరాలు: య, హ, య, అలిఫ్. యహ్యా.

హిరా గుహలో తొలి వహీ అవతరించడానికి సుమారు 300 సంవత్సరాల పూర్వమే హిజాజ్ నేలమీద ఈ పేరు పలుకుబడిలో ఉన్నదని ఆ శిల చెబుతున్నది. చుక్కల పొరపాటు వల్ల ఒక పేరు పుట్టిందని వాదించేవారికి, చుక్కల సమస్య తలెత్తడానికి ఎంతో ముందే ఆ పేరు గల మనిషి ఎదురవుతున్నాడు. ఆర్థర్ జెఫరీ రాసిన 'ఖుర్ఆన్‌లోని అన్యభాషా పదాలు' అనే ప్రసిద్ధ ఆంగ్ల గ్రంథం 1938లో మన దేశంలోనే, బరోడాలో అచ్చయింది. ముస్లిముల పట్ల పక్షపాతం ఉన్నదని ఎవరూ అనలేని రచయిత ఆయన. ఆ తర్వాత ఈ విషయం చర్చించేవారికి హిజాజ్ శాసనాలను పట్టించుకోకుండా ముందుకు సాగే వీలు లేకపోయింది. ఈ శిల మొదటి చర్చకు అడ్డు రాదన్నదీ గమనార్హం. ప్రవక్త యహ్యా (అ) క్రీస్తు శకం మొదటి శతాబ్దపు తొలి దశలలోనివారు. అల్‌ఉలా యహ్యా ఆయన తర్వాతివాడు.

అయితే ఆ శిల చెప్పని సంగతీ ఒకటున్నది. ఆ యువకుని పేరు యోహానాన్‌కు హిజాజీ రూపమా, లేక 'జీవించు' అన్న ధాతువు నుండి వచ్చిన వేరే పేరా? హీబ్రూలో 'యెహీయా' అనే పేరు దినవృత్తాంతాల మొదటి గ్రంథంలో ఉన్నది. 'దైవం జీవిస్తున్నాడు' అని దాని అర్థం. రెండు పేర్లు వాడుకలో దగ్గరపడి కలిసిపోయాయని అనుకోవడానికి అవకాశం ఉన్నది. ఒక భాష నుండి మరో భాషకు నడిచే పేరు దారిలో దొరికిన అర్థాన్ని కప్పుకోవడం వింత కాదు. హీబ్రూలోని 'యోహానాన్' గ్రీకులో 'యోఆన్నేస్' అయినప్పుడు గొంతులోంచి వచ్చే 'హ' పూర్తిగా పడిపోయింది, దానితోపాటు కనికరమన్న అర్థమూ పోయింది. ఐరోపా భాషల జాన్, జాఁ, ఇవాన్ అన్నీ ఆ అర్థం పోయిన పేరుకు సంతానమే. తెలుగు బైబిలులో 'యోహాను' అయింది. మన ఊళ్లలో యహ్యా ఇల్లు, యోహాను ఇల్లు ఒకే వీధిలో ఉండవచ్చు. ఇద్దరూ ఒకే ప్రవక్త పేరు పెట్టుకున్నారన్న సంగతి ఆ ఇళ్లవారికే తట్టకపోవచ్చు.

అరబీ పండితులు మాత్రం ఈ రెండు రూపాల సంబంధం బాగా ఎరిగినవారే. 6వ శతాబ్దపు అలెగ్జాండ్రియాలో క్రైస్తవ తత్త్వవేత్త యోఆన్నేస్ ఫిలోపోనస్ ఉండేవాడు. హిజ్రీ 377లో ఇబ్న్ నదీమ్ రచించిన 'ఫిహ్రిస్త్'లో అతను 'యహ్యా అన్నహ్వీ', అంటే వ్యాకరణవేత్త యహ్యా. బాగ్దాదులో ఖలీఫాలకు వైద్యుడుగా పనిచేసి 857లో మరణించిన క్రైస్తవుడు ఇబ్న్ మాసవైహ్ పేరు కొన్ని పుస్తకాలలో యుహన్నా, మరికొన్నింటిలో యహ్యా. అతని కున్యత్ అబూ జకరియ్యా. యహ్యా అనే పేరు గలవారిని అబూ జకరియ్యా అని పిలవడం అరబ్బుల ఆనవాయితీ. హదీసు పరిశోధకుడు యహ్యా బిన్ మయీన్, వ్యాకరణవేత్త ఫర్రా, 'రియాదుస్సాలిహీన్' సంకలనకర్త ఇమామ్ నవవీ, అందరూ అబూ జకరియ్యాలే. ఇమామ్ నవవీ వివాహమే చేసుకోలేదు. అయినా 'జకరియ్యా తండ్రి' అయ్యారు! ప్రవక్తల విషయంలో తండ్రి జకరియ్యా, కొడుకు యహ్యా. ఆనవాయితీలో అది తిరగబడింది.

అర్థం విషయంలో ముఫస్సిర్లు అరబీ ధాతువునే ఆధారం చేసుకున్నారు. 'యహ్యా' అంటే 'జీవిస్తాడు'. సరిగ్గా ఈ మాటే క్రియగా తాహా సూరా 74వ ఆయతులో ఉన్నది. అల్లాహ్ ఆయనను ఈమాన్‌తో జీవింపజేశాడు కనుక ఈ పేరు వచ్చిందని ఖతాదా అన్నారు. గొడ్రాలైన తల్లి గర్భం ఆయనతో జీవం పోసుకున్నదని హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) పేర ఒక ఉల్లేఖనం ఉన్నది. ఆయన షహీదు అయ్యారు, షహీదులు సజీవులు గదా అని మరికొందరు అన్నారు. హిజ్రీ 538లో మరణించిన జమఖ్షరీ భాషా విషయాలలో నిక్కచ్చి మనిషి. ఈ పేరు మూసా, ఈసా పేర్ల వలె అరబీయేతరమని అనుకోవడమే సమంజసమన్నారు. అరబీ అనుకున్నా అభ్యంతరం లేదనీ, క్రియాపదాలను పేర్లుగా పెట్టుకోవడం అరబ్బులలో ఉన్నదేననీ చెబుతూ యఅమర్, యయీష్ పేర్లు ఉదాహరించారు. అంతటితో ఆగక, 'యమూత్' అనే పేరు గలవాడూ ఉన్నాడని గుర్తుచేశారు. యమూత్ అంటే 'చనిపోతాడు'. జాహిజ్ మేనల్లుడైన బస్రా సాహితీవేత్త ఒకరికి నిజంగానే ఆ పేరు ఉండేది.

హీబ్రూలో కనికరం, అరబీలో జీవం. ఈ రెండింటిలో ఖుర్ఆన్ ఒకదాన్ని స్వీకరించి మరొకదాన్ని వదిలిందా? మర్యమ్ సూరా 12 నుండి 15 వరకు ఉన్న నాలుగు ఆయతులను నెమ్మదిగా చదివితే సమాధానం తడుతుంది. 12వ ఆయతులో యహ్యా అని పేరుపెట్టి పిలుపు. గ్రంథాన్ని గట్టిగా పట్టుకోమని ఆదేశం. వెంటనే 13వ ఆయతులో, అల్లాహ్ తన వద్ద నుండి ఆయనకు ప్రసాదించిన వరాలలో మొట్టమొదటిది 'హనాన్'. 15వ ఆయతు చివర, పుట్టిన రోజున, మరణించే రోజున, తిరిగి లేపబడే రోజున ఆయనకు సలాం. అక్కడ లేపబడే స్థితిని తెలిపే మాట 'హయ్య్', సజీవుడు. పేరుకున్న హీబ్రూ అర్థం ఒకవైపు, అరబీ అర్థం మరొకవైపు, నడుమ ప్రవక్త.

'హనాన్' అన్న పదం ఖుర్ఆన్ మొత్తంలో మరెక్కడా లేదు. దయ, కరుణ అనే భావాలకు 'రహ్మత్' వందకు పైగా చోట్ల వచ్చిన గ్రంథంలో, ఈ ఒక్క ప్రవక్త దగ్గర మాత్రమే 'హనాన్' వచ్చింది. తర్జుమానుల్ ఖుర్ఆన్ అని పేరుగాంచిన హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) అంతటివారు సైతం ఈ పదం అర్థం తనకు తెలియదని అల్లాహ్ మీద ప్రమాణం చేసి చెప్పినట్లు తబరీ ఉల్లేఖించారు. కరుణ అనే అర్థంతో వేరే ఉల్లేఖనం కూడా ఆయన పేర ఉన్నది. ఆ పదం ఆ కాలపు మక్కా, మదీనాలలో రోజూ వినబడేది కాదని దీనివల్ల తేటపడుతున్నది. యూసుఫ్ అలీ తన వ్యాఖ్యలో యోహానాన్ అర్థాన్ని చెప్పి, 13వ ఆయతులోని ఈ పదంతో పోల్చి చూడమని పాఠకునికి సూచించి ఊరుకున్నారు. ఆ సూచన దక్కవలసినంత శ్రద్ధ దానికి దక్కలేదు. సూరా ప్రారంభాన్నీ దీనితో కలిపి చూడాలి. 2వ ఆయతులో జకరియ్యా పేరుతో వచ్చిన మొట్టమొదటి మాట 'జిక్ర్', జ్ఞాపకం. ఆయన హీబ్రూ పేరు అర్థమూ అదే.

15వ ఆయతులోని 'హయ్య్' సూరా అంత్యప్రాసకు ఒదిగే పదం కనుక దాని మీద ఎక్కువ బరువు మోపరాదని ఎవరైనా అంటే కాదనలేము. కాని 'హనాన్' ఆయతు మొదటనే వచ్చింది. ప్రాస కోసం తెచ్చిన పదం కాదు. 'రహ్మత్' అన్నా వాక్యం నడిచేదే. హీబ్రూ పేరు అర్థం ఎరగని చోట, ఆ పేరు వదిలి మరో పేరు నిలిచిన చోట, ఆ అర్థానికి సరిపోయే అరుదైన పదమే వచ్చి ఆ స్థానంలో కూర్చున్నది. ఇతరుల నోట విన్న కథలను తప్పుగా గుర్తుపెట్టుకున్నందువల్ల ఇటువంటి పొందిక ఏర్పడిందని చెప్పడం కంటే, ఆక్షేపకులు తమ మొదటి ప్రశ్నను మరోసారి పరిశీలించుకోవడం మంచిది.

దక్షిణ ఇరాక్‌లోనూ, ఇరాన్‌లోని ఖూజిస్తాన్‌లోనూ నదుల ఒడ్డున నివసిస్తూ వచ్చిన మాందాయీలు ఈ ప్రవక్తను మిక్కిలి గౌరవించే ఒక చిన్న సమాజం. 2003 తర్వాతి యుద్ధ పరిస్థితులలో వారిలో అనేకులు స్వీడన్, ఆస్ట్రేలియా వంటి దేశాలకు తరలిపోయారు. వారి మతగ్రంథాలలో ఒకటి ఆయన పేరు మీదనే ఉన్నది. అందులో ఆయన ఒకచోట యుహానా, మరొకచోట యహ్యా. యహ్యా రూపం అరబీ ప్రభావంతో ఇస్లాం అనంతర కాలంలో చేరినదని పండితుల అభిప్రాయం. అయినా పాత రూపాన్ని వారు తొలగించలేదు. చాలాచోట్ల రెండింటినీ పక్కపక్కనే ఉంచి, 'యహ్యా యుహానా' అని ఒకే పేరుగా పలుకుతారు.